లెన్సులతో నిప్పుల పొయ్యి దగ్గర: నా అనుభవం

ఆరుబయట బొగ్గుల మీద వంట చేస్తుంటే సెగకు ఎవరి కంట్లోనో కాంటాక్ట్ లెన్సులు కరిగిపోయి చూపు పోయిందన్న సందేశం ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతోంది. నేను లెన్సులకు మారిన కొత్తలో అది నాకూ వచ్చింది. పదిమందీ ఒకచోట చేరి వండుకుని తినే రోజులంటే నాకు ప్రాణం. పొయ్యి దగ్గర నిలబడే పని ఎప్పుడూ నేనే అడిగి తీసుకుంటాను. కళ్లజోడుతో ఆ పని ఎంత కష్టమో పెట్టుకునేవాళ్లకు తెలుసు. మూత తీసినప్పుడల్లా అద్దాలకు ఆవిరి పట్టి ఎదుట ఏమీ కనిపించదు. చెమటకు జోడు ముక్కు మీద నిలవదు. ఆ బాధ పడలేకే లెన్సులు తీసుకున్నాను. తీరా తీసుకున్నాక పొయ్యి దగ్గరికే వెళ్లకూడదంటే ఎలా? నేరుగా కంటి డాక్టరు గారినే అడిగాను.

ఆయన ఓపికగా చెప్పారు. మెత్తటి లెన్సులను తయారుచేసేటప్పుడే సుమారు 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో ఉంచి క్రిమిరహితం చేస్తారట. అంత వేడికి చెక్కుచెదరనిది, మనిషి తట్టుకుని నిలబడగలిగిన సెగకు కరగదు. అంతకు మించిన వేడి ముఖానికి తగిలితే ముందు కాలేది చర్మమే. పైగా రెప్ప వేసిన ప్రతిసారీ కన్నీరు లెన్సును తడుపుతూ ఉంటుంది. "కరుగుతుందన్న భయం వదిలేయండమ్మా. అది ఎండిపోకుండా చూసుకోండి. అంతకంటే ముఖ్యం, మీ వేళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి" అన్నారు.

వేళ్ల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే వంట చేసేవాళ్లకు అసలు ప్రమాదం అక్కడే ఉంది. మిరపకాయకు మంట తెచ్చే క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. అందుకని చేతులను ఉత్త నీళ్లతో కడిగితే కారం పోయినట్టే అనిపిస్తుంది కానీ గోళ్ల సందుల్లో, వేలి మడతల్లో మిగిలే ఉంటుంది. ఆ చేత్తో లెన్సు పట్టుకుంటే కారం దానికి అంటుకుని, లెన్సు కంట్లో ఉన్నంతసేపూ మండిస్తూనే ఉంటుంది. అలాంటి లెన్సును కడిగి మళ్లీ పెట్టుకునే ప్రయత్నం చేయకుండా పారేయడమే మంచిది. త్వరలో అందరం కలిసి వండుకోబోయే రోజుకు నేను పెట్టుకున్న నియమం ఇది: లెన్సులు పెట్టుకున్న తర్వాతే ఏ పనైనా. మిరపకాయలు తరిగేటప్పుడు చేతి తొడుగులు. సాయంత్రం లెన్సులు తీసే ముందు వేళ్లకు కాస్త వంటనూనె రుద్ది, ఆపైన సబ్బుతో రెండుసార్లు కడిగి, పోగులు రాలని శుభ్రమైన బట్టతో తుడుచుకోవడం. ఎండకు రాసుకునే క్రీము, దోమల మందు కూడా అంతే. లెన్సులు పెట్టుకున్నాకే వాటిని వాడాను. దోమల మందును ముఖం మీద నేరుగా చల్లకుండా చేతిలోకి తీసుకుని, కళ్లకు దూరంగా రాసుకున్నాను.

ఇక ఎండిపోవడం. మెత్తటి లెన్సు బరువులో, రకాన్ని బట్టి, పావు వంతు నుంచి ముప్పావు వంతు దాకా నీరే ఉంటుంది. వేడి గాలి తగిలితే ఆ తడి తగ్గి, లెన్సు కంటిని పట్టేసినట్టు ఉంటుంది, చూపు మసకబారుతుంది. పొగలోని సన్నటి రేణువులు పైన పేరుకుంటే నలక పడినట్టు గరగరలాడుతుంది. అందుకే ఇలాంటి రోజుల కోసం డాక్టరు గారు ఒక్కరోజు వాడి పారేసే రకం రాశారు. పొగ పట్టిన లెన్సును మర్నాడు మళ్లీ పెట్టుకోవాల్సిన అవసరం ఉండదు. పక్కలు కూడా మూసుకునే చలువ అద్దాలు పెట్టుకోమన్నారు. అవి గాలినీ పొగనూ కొంత ఆపుతాయి. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే లెన్సులున్నా చలువ అద్దాలు మానకూడదు. లెన్సు కప్పేది కంటి మధ్య భాగాన్నే, తెల్లగుడ్డూ రెప్పలూ ఎండకే ఉంటాయి.

ఆ రోజు రానే వచ్చింది. గాలి వచ్చే వైపు నిలబడి, పొగ అవతలికి పోయేలా పొయ్యి పెట్టించాను. మధ్యాహ్నం దాకా కళ్లలో లెన్సులున్నాయన్న సంగతే గుర్తు రాలేదు. ఆవిరి పట్టని చూపుతో బొగ్గుల రంగు చూసి మంట సరిచేసుకోవడం ఎంత హాయో!

తర్వాత గాలి తిరిగింది. పొగంతా ముఖానికి కొట్టి కుడికన్ను గరగరలాడింది. నలపలేదు. గరిటె పక్కవాళ్లకిచ్చి దూరంగా వెళ్లి, లెన్సుల మీద వేసుకోదగిన చుక్కల మందు వేసి రెప్పలు మెల్లగా కొట్టాను. ఎరుపు తగ్గించే మామూలు చుక్కలు ఇందుకు పనికిరావు. అయినా గరగర పోలేదు. తీసేయడమే మేలనుకుని నూనె, సబ్బు, నీళ్ల వరస మొదలుపెట్టాను. పక్కనే ఉన్న ఒక అమ్మాయి మంచినీళ్ల సీసా చాపి, "అక్కా, వీటితో లెన్సు కడిగేసి మళ్లీ పెట్టేసుకోండి, ఇవి శుభ్రమైన నీళ్లే కదా" అంది. తనూ లెన్సులు వాడుతుంది. అందుకే అక్కడే కూర్చోబెట్టి చెప్పాను. తాగడానికి పనికొచ్చే నీళ్లన్నీ లెన్సుకు పనికిరావు. కుళాయి నీళ్లలో, చెరువుల్లో, ఈత కొలనుల్లో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. లెన్సును పట్టుకుని కంట్లోకి చేరితే అది కార్నియాను, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను, తొలిచేస్తుంది. అరుదే అయినా చికిత్స నెలల తరబడి సాగుతుంది, చూపు కూడా పోవచ్చు. ఆ అమ్మాయి సీసా పక్కన పెట్టి, తన కేసులోని, అంటే లెన్సులు దాచుకునే డబ్బాలోని, పాత సొల్యూషన్ (లెన్సులను నానబెట్టి శుభ్రం చేసే ద్రవం) మీదే కొత్తది పోస్తుంటానని చెప్పింది. అదీ మానేయమన్నాను. ప్రతిసారీ పాతది పారబోసి కొత్తది పోయాలి, కేసును మూడు నెలలకోసారైనా మార్చాలి.

నేను రెండు లెన్సులూ తీసి పారేసి, సంచిలోని కళ్లజోడు పెట్టుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లాను. ఆవిరి పడితే పడింది. కళ్లజోడు వెంట లేకుండా లెన్సులతో గడప దాటకూడదని నా గట్టి నమ్మకం. అది దగ్గర లేనప్పుడే కన్ను మండుతున్నా లెన్సులను భరిస్తూ కూర్చుంటాం.

రాత్రి కబుర్లు సాగి చాలామంది అక్కడే పడుకున్నారు. ఆ అమ్మాయి కళ్లు మూతలు పడుతుంటే లేపి మరీ లెన్సులు తీయించాను. కార్నియాలో రక్తనాళాలు ఉండవు, అది గాలి నుంచే ఆక్సిజన్ తీసుకుంటుంది. పైన లెన్సు, దాని మీద మూసిన రెప్ప ఉంటే అది అందదు. లెన్సులతో నిద్రపోతే కంటికి ఇన్ఫెక్షన్ సోకే ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. చిన్న కునుకైనా ప్రమాదమే.

మర్నాడు నా కుడికన్ను కొద్దిగా ఎర్రగా ఉంది. నొప్పి లేదు, వెలుతురు చూస్తే ఇబ్బంది లేదు, చూపు మసకగా లేదు, పుసి కట్టలేదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లమని ముందే చెప్పి ఉన్నారు. ఎరుపు పూర్తిగా పోయేదాకా కళ్లజోడుతోనే ఉండి, ఆ తర్వాతే కొత్త జత విప్పాను.