పొందూరు అరుగు మీద వాలుగ దవడ

వంశవృక్షంలో ముత్తాత పేరు పక్కన 'నేత' అని రాసి వదిలేస్తారు. ఆ మగ్గానికి నూలు అందించిన ఆడవాళ్ల పేర్ల పక్కన ఏ కాగితంలోనూ పని కనబడదు. మా ముత్తవ్వ తరం ఏం చేసిందో కళ్లారా చూడాలని సన్న ఖాదీకి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్లాను.

ఆమదాలవలసలో రైలు దిగితే ఆటో అతను జనం లేరని బండి మొత్తానికి కిరాయి అడిగాడు. విశాఖ నుంచి పాసింజరు టికెట్ కన్నా అదే ఎక్కువ. ఆ చిరాకు పొందూరు వీధిలో రాట్నం చప్పుడు వినబడే దాకా పోలేదు.

ఓ అరుగు మీద మామ్మ కొండపత్తి ముందేసుకు కూర్చుంది. చేతిలో వాలుగ చేప దవడ ఎముక. పత్తిని గింజతో ఉండగానే దువ్వుతారు. గింజని వేళ్ల సందున బిగించి, చుట్టూ ఉన్న పింజని ఆ పళ్ల మీంచి కొద్దికొద్దిగా లాగితే నలుసులు, ఆకు ముక్కలు రాలిపోయి పోగులన్నీ ఒకే వైపు సర్దుకుంటాయి. దవడ చేతికిచ్చి చూపించింది. సన్నటి పళ్లు, వరసలు వరసలుగా, ఒత్తుగా.

"ఇనప దువ్వెన పెట్టకూడదా మామ్మా?"

"పోగు తెగిపోద్ది బాబూ. దీనికైతే మెత్తగా వొస్తది, సూడు."

దువ్విన పత్తిని చెక్క పలక మీద పెట్టి సన్నటి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ అవతలికి జారిపోతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. గింజ నలిగిందంటే ఆ పొట్టు దూదిలో కలిసి, వడికేటప్పుడు సరిగ్గా అక్కడే నూలు తెగుతుంది. తర్వాత చిన్న వింటితో ఏకడం, అంటే దూదిని పోగులుగా విడదీయడం. ఎక్కువ ఏకితే పోగులు చితికిపోతాయి, తక్కువైతే ఉండలు మిగులుతాయి. ఆ దూదిని చుట్టగా చుడితే ఏకు. దాన్ని ఎండిన అరటి పట్టలో పెట్టి పట్టుకుంటారు, చేతి చెమట తగలకుండా. తడి తగిలిన ఏకు నుంచి పోగు సాఫీగా రాదు.

ఇంత చేశాకే రాట్నం. నూలు చుట్టుకునే ఇనప పుల్ల, అంటే కదురు, ఒక్కటే. అది రవ్వంత వంగినా అదిరి నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. మెలి చాలకపోతే పోగు జారి విడిపోతుంది, మించితే చుట్టుకుపోతుంది. ఖాదీ లెక్కలో ఒక చిలప (నూలు చుట్ట) 1000 మీటర్లు. కిలోకి ఎన్ని చిలపలొస్తే అంత కౌంటు. 100 కౌంటు నూలైతే ఆ చిలప తూకం 10 గ్రాములే! పడుగులో, అంటే మగ్గం మీద నిలువు పోగుల్లో, అంత సన్న పోగు నిలవాలంటే గంజి సమంగా పట్టాలి. అది మగ్గం వాళ్ల పని. కానీ పోగులో లోపముంటే ఏ గంజీ కాపాడలేదు. ఆ నేతలో సగం గొప్ప ఈ అరుగు మీదే తయారైందని నా నమ్మకం.

మీ ఇంట్లోనూ ఇలాంటి వెతుకులాట ఉంటే ముందు పాత పెట్టెల్లో కదురు, దవడ, కడ్డీ ఉన్నాయేమో చూడండి. పొందూరులో ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి ఉంది. ఆ తర్వాతి తరమైతే అక్కడ అడగడం మేలు. నూలు ఇచ్చిన మనిషికే కూలి గనక, ఆడవాళ్ల పేర్లు దొరికే ఆశ అలాంటి లెక్కల్లోనే ఎక్కువ. అంతకు ముందు దస్తావేజులకైతే జిల్లా పేరు చూసుకోవాలి. శ్రీకాకుళం తాలూకా 1936 దాకా గంజాం జిల్లాలో, తర్వాత విశాఖపట్నంలో ఉంది. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. విజయనగరం వైపు వాళ్లకి 1979లో ఏర్పడిన విజయనగరం జిల్లా కూడా కలుస్తుంది. ఒకే ఇంటి కాగితాలు వేర్వేరు జిల్లాల పేర్లతో ఉండొచ్చు కాబట్టి, దస్తావేజుల కోసం పెట్టే దరఖాస్తులో ఊరు, తాలూకాతో పాటు ఆనాటి జిల్లా పేరు కూడా రాయండి.