శ్రమ దినాల్లో మెదక్ దాకా

నల్లగొండ నుంచి మెదక్ చర్చికి పోయేవాళ్లలో చాలామంది క్రిస్మస్‌కే బయలుదేరుతారు. మనసు చితికిపోయి ఉన్నవాళ్లకు నేను ఆ రోజు వద్దనే చెబుతాను. ఆ తోపులాటలో కూర్చునే జాగే దొరకదు. భస్మ బుధవారం తర్వాత, ఈస్టర్‌కు ముందు, శ్రమ దినాల్లో ఆదివారం కాని రోజు చూసుకోవాలి. చర్చి తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోవాలి.

తొలి బస్సు ఎక్కితే నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్‌లోని ఎంజీబీఎస్ బస్టాండు సుమారు వంద కిలోమీటర్లు. మెదక్ బస్సులు మాత్రం సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండులో ఎక్కాలి. మధ్యలో ఆటో కంటే మెట్రో గ్రీన్ లైన్ మేలు, నేరుగా దింపుతుంది. అక్కడి నుంచి ఇంకో వంద. పాలమూరు వాళ్లు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఎంజీబీఎస్‌కు వచ్చి ఇదే దారి పట్టాలి.

ఉపవాసంతో పోతామనేవాళ్లు ఎక్కువ. షుగర్‌కు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ఖాళీ కడుపుతో ఎండలో అంత దూరం పోతే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. సద్ది కట్టుకోండి. బైబిల్లో చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్న ప్రవక్త ఏలీయాకు దూత ప్రసంగం చేయలేదు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఆయన తిని పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు. హోరేబు కొండకు నడక ఆ తర్వాతే.

ఈ చర్చి పుట్టుకలోనూ ఆకలి ఉంది. కరువుతో అల్లాడుతున్న జనానికి కూలి దొరకాలని మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో పని మొదలుపెట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు, ఫోటోలన్నీ దానివే. నా లెక్కన అసలు చూడాల్సినవి ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన అద్దాల కిటికీలు: యేసు జననం, సిలువ, ఆరోహణం. బయటి వెలుతురు ఉంటేనే లోపలికి రంగులు తేలతాయి కాబట్టి పొద్దుగూకాక చేరితే నల్లటి గాజు తప్ప ఏమీ కనబడదు.

సిలువ కిటికీ కనబడేచోట అరగంట కూర్చుని బైబిల్లోని 42, 43 కీర్తనలు కలిపి చదవండి. ప్రాణమా, ఎందుకు క్రుంగిపోయావు అన్న మాట అందులో మూడుసార్లు వస్తుంది. నిరీక్షణ ఉంచు అని తనకు తానే చెప్పుకున్నాక కూడా దిగులు తిరిగొస్తుంది. మొదటిసారికే తేలికపడలేదని కంగారుపడేవాళ్లు ఇది గమనించాలి. ఇక 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, దాన్నీ బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

ప్రార్థన చేయించుకునేటప్పుడు పాస్టరు అయ్యగారి ముందు నలుగురిలో ఇంటి గుట్టంతా విప్పనక్కర్లేదు, ‘అప్పుల బాధ’ అంటే చాలు. అప్పుల్లో ఉండి కానుక కోసం మళ్లీ వడ్డీకి తేవడం మాత్రం నాకు అస్సలు నచ్చదు.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోయినా, చావు ఆలోచనలు ఒక్కసారి వచ్చినా యాత్రకంటే ముందు డాక్టరు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. మందులు మొదలుపెట్టినవాళ్లు మెదక్ నుంచి వచ్చాక బాగుందని సొంతంగా ఆపొద్దు.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం మూడు లోపే మెదక్ బస్టాండుకు చేరండి. ఆలస్యమైతే జేబీఎస్ దిగేసరికి చీకటి పడుతుంది, నల్లగొండకు రాత్రి బస్సులు తక్కువ.