ముదురాకు మీద సూదిమొన చిల్లులు

ఆదివారం, రాత్రి 10 గంటలు

పొద్దున అక్వేరియం లైటు వేయగానే పాప అద్దానికి ముక్కు ఆనించి, "నాన్నా, నత్తలు ఆకులు తినేస్తున్నాయి" అని పిలిచింది. వెళ్ళి చూస్తే నిజంగానే వెనక మూలనున్న హైగ్రోఫిలా అనే నీటిమొక్క కింది ఆకులకు చిల్లులు. పై ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

భూతద్దం, టార్చి తెచ్చుకుని ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఒక ఆకు మీద సూదిమొనంత గోధుమరంగు చుక్క, చుట్టూ సన్నటి పసుపు వలయం. దాని కింది ఆకులో అలాంటి చుక్కే నడుమ చిరిగి చిల్లయింది. ఇంకా కింద రెండు మూడు చిల్లులు కలిసిపోయి పెద్ద కన్నం పడింది, కానీ అంచు మాత్రం అదే పసుపు. నత్త కొరికిన చోట ఇలా పసుపు వలయం ఉండదు. పైగా మన ఇళ్ళలో ఉండే చిన్న నత్తలు ఎక్కువగా కుళ్ళిన ఆకునే తింటాయి. చచ్చిన భాగాన్ని శుభ్రం చేస్తున్నవాటి మీద నింద పడింది పాపం. పాపకు అదే చెప్పాను. "మరి ఎవరు చేశారు?" అంది.

పొటాషియం చాలక మొక్కే అలా అయిపోయింది.

ఈ మాట నాకు గత నెలలోనే తట్టాల్సింది. అప్పుడు ఇవే కింది ఆకులు పసుపుబారితే, ఐరన్ తక్కువైందనుకుని మూడు వారాలు ఐరన్ మందు పోశాను. ఏ మార్పూ రాలేదు. ఆకు పాలిపోయిందని చూశానే గానీ, పాలిపోయింది ముదురాకా, లేతాకా అని చూడలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. పొటాషియం, నత్రజని, భాస్వరం, మెగ్నీషియం మొక్క లోపల కదిలే పోషకాలు. కొరత వచ్చిందంటే మొక్క ముదురాకులో ఉన్నదాన్ని తీసి చిగురుకు పంపుతుంది. అందుకే ముందు కింది ఆకులు దెబ్బతింటాయి. ఐరన్ అలా కదలదు. అది తక్కువైతే ముదురాకులు బాగానే ఉంటాయి, కొత్తగా వచ్చిన చిగురే ఈనెలు ఆకుపచ్చగా, మధ్య భాగం పసుపుగా వస్తుంది. నా హైగ్రోఫిలా చిగుళ్ళు పచ్చగానే ఉన్నాయి. అంటే ఐరన్‌కు లోటు లేదన్నమాట. ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ పోశాను.

అన్నిటికంటే తక్కువున్న పోషకం ఎంతవరకు వస్తే మొక్క అంతవరకే పెరుగుతుందని 19వ శతాబ్దంలోనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారం చేశాడు. అతనికంటే ముందే, 1828లో, ఇదే మాట కార్ల్ స్ప్రెంగెల్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త రాశాడు. పొలాల కోసం చెప్పిన మాట నా గాజుతొట్టికీ వర్తిస్తోంది. రెండు నెలల క్రితం లైటు మార్చాను. వెలుతురు పెరిగితే మొక్క వేగం పెరుగుతుంది, దానితోపాటు ఆకలీ పెరుగుతుంది. చేపల మేత నుంచీ, వ్యర్థాల నుంచీ నత్రజని, భాస్వరం కొంత అందుతూనే ఉంటాయి. పొటాషియం ఆ దారిలో పెద్దగా రాదు. వెలుతురు పెంచిన నేనే దాని సంగతి చూసుకోవాల్సింది.

ట్యాంకు 60 లీటర్లది. ఇసుక, రాళ్ళు, కొయ్య పోను నీళ్ళు 50 లీటర్లు ఉంటాయి. లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున పెంచాలంటే 500 మిల్లీగ్రాముల పొటాషియం కావాలి. పొటాషియం సల్ఫేటులో పొటాషియం దాదాపు 45 శాతం, కాబట్టి 1.1 గ్రాములు తూచాను. పొటాషియం నైట్రేటు కూడా ఉంది కానీ, నీటిలో నైట్రేటు ఇప్పటికే సరిపడా ఉంది కనుక దాని జోలికి పోలేదు. ముందు సగం నీళ్ళు మార్చి, ట్యాంకు నీళ్ళే ఒక గ్లాసులో తీసుకుని పొడి కలిపాను. ఇది త్వరగా కరగదు. గ్లాసు అడుగున సన్నటి ఇసుకలా చెంచాకు తగులుతూ చాలాసేపు గరగరలాడింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాక ఫిల్టరు నీళ్ళు పడే చోట మెల్లగా పోశాను.

"చేపలకేం కాదు కదా?" అని పాపకు టెన్షన్. ఈ మోతాదుకు చేపలకు గానీ, రొయ్యలకు గానీ ఏమీ కాదు. ఎక్కువై పేరుకుపోతుందన్న భయం కూడా లేదు. ప్రతి వారం సగం నీళ్ళు మార్చి ఇంతే వేస్తుంటే, మొక్కలు ఏమీ తీసుకోకపోయినా, మనం వేసినది ఎన్ని నెలలకైనా లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటదు. లెక్క కాగితం మీద వేసి చూపించాను. పది, పదిహేను, పదిహేడున్నర అని పాప తనే కూడుతూ వెళ్ళింది.

ఇసుకలో నాటిన క్రిప్టోకొరైన్ మొక్కలకు వేళ్ళ దగ్గర ఎరువు బిళ్ళలు కూడా గుచ్చేశాను, అవి ఎక్కువగా వేళ్ళతోనే తింటాయి. కొయ్యకు కట్టిన అనుబియాస్‌కు ఆ బిళ్ళలతో పనిలేదు, దాని ఆహారం నీళ్ళలోనే. ఐరన్ సీసా పక్కన పెట్టాను.

చిల్లులు పడ్డ ఆకులు మళ్ళీ పూడవు. వాటిని చూస్తూ ఎదురుచూడడం వృథా. బాగా పాడైన నాలుగింటిని కత్తిరించాను. తర్వాత ఒక కొమ్మకు చిగురు కింద ఎర్ర దారం వదులుగా కట్టాను. దానిపైన ఇకముందు వచ్చేవన్నీ ఈరోజు తర్వాతి ఆకులే. అవి ముదిరేదాకా నిండుగా నిలిస్తే నా లెక్క సరైనట్టు, వాటిలోనూ చుక్కలు కనిపిస్తే మళ్ళీ మొదటి నుంచీ చూడాలి.

లైటు ఆర్పే ముందు పాప ఇంకోసారి వచ్చి చూసింది. కొనల్లోని ఆకులు అప్పటికే పైకి ముడుచుకుంటున్నాయి, రోజూ చీకటి పడే వేళకు అంతే. దారం పైన ఇప్పటికి ఒక్క జతే ఉందని చూసుకుని, వెళ్ళి తన నోటుబుక్కులో '1' అని రాసుకుంది.