15 సెంటీమీటర్ల తేడా

మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి షాక్‌లోకి వెళ్లిన ఒక పెద్దావిడను అనంతపురం వైపు పల్లె నుంచి మా ఐసీయూకు తీసుకొచ్చారు. రెండో రోజు రాత్రి పదకొండు దాటాక, ధమనిలో పెట్టిన గొట్టం (ఆర్టీరియల్ లైన్) చూపించే సగటు రక్తపోటు 67 నుంచి 56కు, గుండె దగ్గరి పెద్ద సిరలో పెట్టిన గొట్టంలో (సెంట్రల్ లైన్) కొలిచే సిర పోటు, అంటే సీవీపీ, 9 నుంచి మైనస్ 2కు పడిపోయాయి. డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ ఫోన్ చేసి, ఒంట్లో ద్రవం తగ్గినట్టుంది, అర లీటరు సెలైన్ ఎక్కించి, పోటును నిలబెట్టే మందు నార్‌అడ్రినలిన్ పెంచుతానన్నారు. చూడకుండానే సరేనన్నది నేను. తర్వాత మంచం దగ్గరికి వెళ్లేసరికి ఆమె మెలకువగా ఉండి మంచినీళ్లు అడుగుతున్నారు, అరచేతులు వెచ్చగా ఉన్నాయి, మూత్రం గంటకు 40 మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తోంది. పోటు 56కు పడిపోయిన షాక్ రోగి అలా ఉండరు.

ధమనిలో పోటు, సిరలో పోటు రెండూ ఒకేసారి సరిగ్గా పదకొండేసి తగ్గడం చూసినప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాలి. "సార్, ఎక్స్‌రేకని మంచం కిందికి దించాం, మళ్లీ లేపలేదు" అని నర్సు చెప్పాక విషయం తేలింది. ఆ గొట్టాల్లోని పోటును కొలిచే ట్రాన్స్‌డ్యూసర్లు పక్కనున్న స్టాండుకు బిగించి ఉన్నాయి. మంచం దిగింది, అవి దిగలేదు. గుండె కంటే ట్రాన్స్‌డ్యూసర్ 15 సెంటీమీటర్లు పైన ఉంటే, మధ్యనున్న ట్యూబులోని అంత ఎత్తు నీటి బరువు కొలతలోంచి పోతుంది. పాదరసం నీటి కంటే 13.6 రెట్లు బరువు కాబట్టి, అది సుమారు 11 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం. ధమని పోటులో ఆ తేడా ఆరో వంతు మాత్రమే, కానీ సీవీపీ విషయంలో అసలు అంకె కంటే తప్పే పెద్దది. జీరో చేశామని చాలామంది నిశ్చింతగా ఉంటారు. గాలి పీడనాన్ని సున్నాగా గుర్తించమని యంత్రానికి చెప్పడం వేరు, ట్రాన్స్‌డ్యూసర్‌ను నాలుగో పక్కటెముకల సందులో చంక మధ్య గీత దగ్గర, అంటే కుడి కర్ణిక ఎత్తున నిలపడం వేరు. మంచం కదిలిన ప్రతిసారీ రెండోది మళ్లీ చేయాల్సిందే. ఎత్తు సరిచేయగానే పోటు 70 దాటి కనిపించింది. పెంచిన మందును మెల్లగా తగ్గించాం, సెలైన్ ఆపేశాం.

ఎత్తు సరిపోయాక, ధమని పోటుకు మానిటర్ మీద కనిపించే అల ఆకారం చూడాలి. ట్యూబులో గాలి బుడగ ఉన్నా, కొసన చిన్న గడ్డ కట్టినా, ట్యూబులోకి సెలైన్‌ను తోసే ప్రెజర్ బ్యాగ్ 300 కంటే దిగిపోయినా అల మొద్దుబారుతుంది. అప్పుడు పై పోటు తక్కువగా, కింది పోటు ఎక్కువగా కనిపిస్తాయి. ట్యూబులోకి సెలైన్‌ను జోరుగా వదిలే ఫ్లష్ ఒక్కసారి లాగి వదిలి, గీత ఒకటి రెండు ఊపులతో కుదురుకుంటుందో లేదో చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. ఇలాంటి లోపాలున్నా సగటు పోటు అంతగా చెదరదు కనుకనే మేము దాన్ని ఎక్కువగా నమ్ముతాం.

అయితే ఇదే రోగి విషయంలో రెండు రోజుల తర్వాత సరిగ్గా దీనికి విరుద్ధంగా జరిగింది. తెల్లవారుజామున సగటు పోటు 66 ఉంది. ట్రాన్స్‌డ్యూసర్ ఎత్తూ, అల ఆకారమూ సరిగ్గానే ఉన్నాయి. కానీ మోకాళ్ల మీద నీలి మచ్చలు తేలాయి, మూత్రం తగ్గింది, ఒంటికి రక్తం చాలనప్పుడు పేరుకునే ల్యాక్టేట్ పెరుగుతోంది. గోళ్లకు గోరింటాకు ఎర్రగా పండి ఉండడంతో గోరు నొక్కి చూసి లాభం లేక, చూపుడు వేలి మెత్తటి భాగాన్ని గాజు స్లైడుతో పది సెకన్లు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి ఐదు సెకన్లు పట్టింది. మూడు దాటితేనే ఆందోళన పడాలి.

ఆమె కొడుకు చీనీ తోట రైతు. "అంకె బాగనే ఉండాది కదా సార్, మళ్లీ ఎందుకు భయపడతాండారు?" అని అడిగాడు. మీ డ్రిప్పు ఫిల్టరు ముందున్న గేజిలో ప్రెజర్ నిండుగా కనిపిస్తూ, చివరి చెట్టు దగ్గర చుక్క పడని రోజు ఉంటుందా అని అడిగాను. ఫిల్టరు మూసుకుపోతే అంతేనన్నాడు. నార్‌అడ్రినలిన్ రక్తనాళాలను బిగించి పోటును నిలబెడుతోంది గానీ, గుండె పంపే రక్తం తగ్గిపోయిందని అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి ఇంకేమీ అవసరం కాలేదు. పోటు అంటే ప్రవాహం కాదని డాక్టర్లమే మర్చిపోతుంటాం.

అప్పుడు వచ్చే ప్రశ్న సెలైన్ ఇవ్వాలా వద్దా అన్నది. సీవీపీ దీనికి జవాబు చెప్పదని ఎన్నో పరిశోధనలు తేల్చినా, తక్కువుంటే ఎక్కించడం, ఎక్కువుంటే ఆపడం ఇంకా అలవాటుగా సాగుతూనే ఉంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే అక్కరలేని ప్రతి లీటరూ ఊపిరితిత్తుల్లోకీ కిడ్నీల్లోకీ వాపుగా చేరుతుంది. పల్స్ ప్రెజర్‌లో (పై పోటుకూ కింది పోటుకూ ఉన్న తేడాలో) శ్వాసతో పాటు వచ్చే హెచ్చుతగ్గులను లెక్కించే పద్ధతి మంచిదే, కానీ రోగి పూర్తిగా వెంటిలేటర్ మీద, సొంత శ్వాస లేకుండా, గుండె లయ తప్పకుండా, ఒక్కో శ్వాసకు కిలోకు కనీసం 8 మిల్లీలీటర్ల గాలి అందుతున్నప్పుడే దాన్ని నమ్మవచ్చు. ఈవిడ తన ఊపిరి తానే తీసుకుంటున్నారు. అందుకని కాళ్లు లేపి చూశాం: సగం కూర్చున్న భంగిమ నుంచి మంచాన్నే వంచి తల దించి, కాళ్లను 45 డిగ్రీలు లేపితే, కాళ్లలోని సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం గుండెకు చేరుతుంది. ఫలితం మొదటి నిమిషంలోనే ఎకోలో (గుండె స్కాన్‌లో) చూడాలి, పోటు మీద కాదు. గుండె పంపే రక్తం పదో వంతైనా పెరగలేదు, అంటే సెలైన్‌తో లాభం లేదు. ఎడమ జఠరిక బలహీనంగా కొట్టుకుంటోంది. సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ఇలా ఒళ్లంతా దెబ్బతీసినప్పుడు, ఇలా జరగడం అరుదేమీ కాదు. సెలైన్ ఇవ్వకుండా, గుండె కొట్టుకునే బలాన్ని పెంచే డోబుటమిన్ మొదలుపెట్టాం. సాయంత్రానికి వేలి రంగు రెండు సెకన్లలో తిరిగి వచ్చింది.

1970లో స్వాన్, గాంజ్ అనే డాక్టర్లు గుండె గుండా ఊపిరితిత్తుల ధమని దాకా వెళ్లే బెలూన్ కాథెటర్‌ను లోకానికి పరిచయం చేశాక, గుండె లోపలి అంకెలన్నీ చేతికి వచ్చాయి గనుక ప్రాణాలు నిలుస్తాయని అందరూ నమ్మారు. 2005లో బ్రిటన్‌లో జరిగిన ప్యాక్‌మ్యాన్ పరీక్షలో ఆ కాథెటర్ వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ మరణాల్లో తేడా కనిపించలేదు. కొలత మందు కాదు. దాన్ని చూసి మనం చేసే పనిలోనే మంచైనా చెడైనా ఉంటుంది. 2019లో దక్షిణ అమెరికాలోని ఐదు దేశాల్లో 424 మందిపై జరిగిన ఆండ్రోమెడా షాక్ పరీక్షలో, వేలి రంగును బట్టి చికిత్స సాగించిన వారిలో 28 రోజుల్లో మరణించినవారు 34.9 శాతం, ల్యాక్టేట్‌ను బట్టి సాగించిన వారిలో 43.4 శాతం. లెక్కల ప్రకారం ఆ తేడా ఖాయమని చెప్పలేకపోయారు, కానీ గాజు ముక్కతో, గడియారంతో చేసే పరీక్ష ప్రయోగశాల పరీక్షకు తీసిపోలేదన్నది చిన్న విషయం కాదు.

ఆ వారం నుంచి మా దగ్గర ఆర్టీరియల్ లైన్ ఉన్న ప్రతి రోగికీ చంక కింద మార్కర్‌తో ఇంటూ గుర్తు పెడుతున్నాం. షిఫ్టు మారేటప్పుడు ముందు ట్రాన్స్‌డ్యూసర్ ఆ గుర్తుకు సరిగా ఉందా, అల ఎలా ఉంది, వేలి రంగుకు ఎన్ని సెకన్లు పట్టింది అన్నవి చెప్పుకుంటాం. పోటు ఎంతన్నది ఆ తర్వాత చెబుతాం.