"రేపు రండి" అన్నాను

నవంబరు 17, సోమవారం రాత్రి

ఈ రోజు ఒక పెద్దాయన మీద విసుక్కున్నాను. ఇంటికొచ్చి, అన్నం తిని, గిన్నెలు కడిగాక కూడా ఆయన ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. అందుకే రాసుకుంటున్నాను.

నవంబరంటే మా బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ల నెల. తాము బతికే ఉన్నామని పెన్షనర్లు 30లోగా రుజువు చూపించాలి. తలుపులు తీయకముందే మెట్ల మీద వచ్చి కూర్చున్నారు. ఒకపక్క డ్వాక్రా గ్రూపుల వాళ్ళు, ఇంకోపక్క బంగారం లోన్లు. పన్నెండింటికి సర్వర్ ఆగింది. అప్పుడే పై ఆఫీసు నుంచి ఫోన్, ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని చేయించారని. ఒక్కటీ లేదన్నాను. అటునుంచి ఒక నిట్టూర్పు వినిపించింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఫోన్ పెట్టేయగానే ఆయన వంతు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మెషీన్ మీద అన్ని వేళ్ళూ పెట్టించాను, ఒక్క ముద్రా పడలేదు. పట్టాల దగ్గర ఇనుము మోసి అరిగిపోయిన వేళ్ళు అవి. "ఇంకొక్కసారి చూడమ్మా" అన్నారు. "పడకపోతే నేనేం చేసేది? రేపు రండి" అన్నాను, తలెత్తకుండానే. నా డ్రాయరులో కాగితం ఫారాలున్నాయి. ఆయన సంతకం, నా సంతకం, రెండు నిమిషాల పని. ఆ సంగతి తెలిసే రేపు రమ్మన్నాను.

ఈ మధ్య బర్నౌట్ గురించి, అంటే పని ఒత్తిడితో మనిషి లోలోపల ఖాళీ అయిపోవడం గురించి చదువుతున్నాను. దాన్ని కొలిచే ప్రశ్నావళిని 1981లో క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరు తయారు చేశారు. మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటివాళ్ళు మనుషుల్లా అనిపించకపోవడం, చేసే పనిలో ఏమీ సాధించడం లేదనిపించడం, ఈ మూడూ అందులో చూస్తారు. చదివినప్పుడు మొదటిది నాదే అనుకున్నాను. రెండోది నాకు రాదనుకున్నాను. పదహారేళ్ళుగా కౌంటర్లో ఓపికగా మాట్లాడుతుందని పేరున్నదాన్ని. ఈ రోజు నాకు కనబడింది టోకెన్ నంబరు 43 మాత్రమే.

ఇది అందరికీ ఒకేలా రాదట. మా మేనేజరు గారు రాత్రి ఎనిమిదైనా బకాయిదార్లకు ఫోన్లు చేస్తూనే ఉంటారు, క్యారేజీ విప్పకుండానే ఇంటికి తీసుకెళ్తారు. కొత్తగా చేరిన కుర్రాడు బీటెక్. రోజంతా పాస్‌బుక్కులు ప్రింట్ చేస్తూ "ఇంతేనా అక్కా?" అంటాడు. అతనిది పని ఎక్కువై వచ్చిన విసుగు కాదు, బుర్రకి పని లేక వచ్చింది. నాకు ఎక్కువ భయం కలిగించేది మా కేషియర్ గారు. ఒకప్పుడు కస్టమర్ల కోసం మేనేజర్లతో గొడవపడ్డ మనిషి. ఇప్పుడు ఏం చెప్పినా "అలాగే" అంటారు. ఆయన చాలా నెమ్మదస్తుడని అందరూ మెచ్చుకుంటుంటే నాకు ఏడుపొస్తుంది.

ఇంట్లో ఆయన బలానికి టాబ్లెట్లు వేసుకోమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని జబ్బుగా కాకుండా, పనిచేసే చోట చాలాకాలంగా తీరని ఒత్తిడి వల్ల వచ్చేదిగా చెప్పింది. నా రక్త పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. మా బ్రాంచిలో రెండు కుర్చీలు మాత్రం ఏడాదిన్నరగా ఖాళీ. అలాగని ఆ పెద్దాయన్ని కసిరినందుకు ఆ కుర్చీలను సాకుగా చూపించలేను.

భోజనానికి లేస్తుంటే ఆయన ఇంకా బెంచీ మీదే ఉన్నారు. "వెళ్ళలేదా తాతగారూ?" అన్నాను. "రేపు మళ్ళీ రావాలంటే ఆటోకి రానూపోనూ నూట ఇరవై అవుద్దమ్మా. ఈలోపు మిషను బాగవుద్దేమోనని కూచున్నా" అన్నారు. అక్కడే బెంచీ మీద కూర్చుని ఫారం నింపాను. సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణికింది, నాదీ వణికింది. నన్ను ఒక్క మాట అనలేదు. రసీదు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం వచ్చేముందు ఆ ఫారాల కట్ట డ్రాయరులోంచి తీసి బల్ల మీద పెట్టాను. 30 దాకా పెన్షనర్ల కౌంటరుకి ఇంకొకరు కావాలని రేపు మేనేజరు గారికి రాతపూర్వకంగా ఇస్తాను. ఆ కుర్రాణ్ణే అడుగుతాను.