సారె ముట్టనివ్వని ఇంటి నుంచి మషికోకి

జపాన్‌లో ఉద్యోగం అంటే మా బస్తీలో అందరూ సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. కాదు, కుండలు చేస్తున్నా అంటే ముందు నవ్వుతారు. నిజమేనని తెలిశాక మా అమ్మ వైపు జాలిగా చూస్తారు. ఆషాఢంలో సెలవు పెట్టి సికింద్రాబాద్ వస్తే ఇదే తంతు. ఈసారి పెదనాయిన మొహమాటం లేకుండా అడిగేశాడు: "మట్టిలకెల్లి బయటపడాల్నని గదా బిడ్డా నిన్ను చదివిచ్చింది. విమానమెక్కి పోయి మల్ల మట్టి పిసుకుడేంది?"

మాది కుమ్మరుల ఇల్లే అయినా నేను ఇంట్లో ఏనాడూ సారె మీద, అంటే కుండలు చేసే చక్రం మీద, చెయ్యి వెయ్యలేదు. మా ఇంట్లో ఆడవాళ్లు మట్టి జల్లిస్తారు, తొక్కుతారు, కుండలు ఎండబెడతారు, బజారుకి తీసుకెళ్లి అమ్ముకొస్తారు. సారె మాత్రం మగవాళ్లది. ఎందుకని అడిగితే చెప్పేవాళ్లు లేరు, ఆచారం అంతే. నేను మొదటిసారి సారె తిప్పింది మాసబ్‌ట్యాంక్‌లో, ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నప్పుడు. (అక్కడ ఒకప్పుడు నిజంగానే చెరువు ఉండేది. మా తాతల కాలంలో మట్టి ఊరి చెరువుల నుంచే వచ్చేదట. ఇప్పుడు నాయిన ట్రాక్టర్ కిరాయి కట్టి వికారాబాద్ వైపు నుంచి తెప్పిస్తాడు.)

నేను పనిచేసే మషికో టోక్యోకి ఉత్తరంగా దాదాపు 100 కిలోమీటర్లు. వరిపొలాలు, చిన్న చిన్న గుట్టలు. అక్కడ కుండల పని మొదలైంది 1853లో, అంటే మన లెక్కన నిన్నమొన్నటి సంగతి. మట్టి గరుకు, సన్నటి పనికి లొంగదు. అందుకే నీళ్ల జాడీలు, వంటింటి సామాను మందంగా చేసి టోక్యోకి పంపేవాళ్లు. లోహపు గిన్నెలొచ్చాక ఆ బేరం పడిపోయింది. ఇక్కడ సత్తు గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు, ఫ్రిజ్‌లు కలిసి చేసింది కూడా అదే కదా.

మషికో మళ్లీ లేచి నిలబడిందంటే అందులో షోజి హమాదా అనే కుండల కళాకారుడి చెయ్యి పెద్దది. బాగా చదువుకున్నవాడు, ఇంగ్లండ్‌లో పనిచేసి 1924లో ఈ పల్లెకి వచ్చాడు. ఊరి గరుకు మట్టినే నమ్ముకున్నాడు. 1955లో జపాన్ ప్రభుత్వం ఆయన్ని 'సజీవ జాతీయ సంపద'గా గౌరవించింది. మషికోలో స్థిరపడ్డాక ఆయన కుండల మీద పేరు వేసుకోవడం మానేశాడు. అది ఎంత వినయమో అని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మా నాయిన కూడా ఇంతవరకు ఒక్క కుండ మీద పేరు వెయ్యలేదు. అది వినయమని ఎవరూ అనలేదు. హమాదా కుండని పెట్టే చెక్కపెట్టె మీద ఆయన సంతకం ఉంటుందన్న సంగతి కూడా చెప్పాలి. నాయిన కుండలకి పెట్టెలుండవు, గడ్డి ఉంటుంది.

మా స్టూడియోలో కుండల ఇంట్లో పుట్టినదాన్ని నేనొక్కదాన్నే. ఒకావిడ బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చింది, ఒకావిడ నర్సు, ఒక కుర్రాడు ఇంజనీరింగ్ చదివాడు. మాకు పని నేర్పే గురువు, సెన్సేయ్ కూడా పట్నం మనిషే. ఎందుకు ఎంచుకున్నావని నన్నూ అడిగారు. ఎంచుకోలేదు, మా ఇంటి పని అన్నాను. "ఎన్ని తరాలుగా?" అని కళ్లు పెద్దవి చేసి, ఆ రోజంతా నన్ను మర్యాదగా చూశారు. అదే మాట ఇక్కడ పెళ్లిచూపుల్లో చెప్తే అవతలివాళ్లు చాయ్ తాగి లేచిపోతారు.

పొద్దున ఊడవడంతో మొదలవుతుంది. తర్వాత మట్టి మర్దనా. అది ఒంటబట్టడానికే మూడేళ్లు పడుతుందని అక్కడ అంటారు. నా కాళ్లకి తెలిసిన మట్టి నా చేతులకి తొందరగానే తెలిసింది. సారె మీద పెద్ద ముద్ద పెట్టి, దాని కొస నుంచి ఒక్కో కప్పు లాగి, దారంతో కోసి తీస్తాం. చిన్న సామానుకి మా నాయిన చేసేదీ ఇదే. నేను కూర్చున్న తీరు చూసి సెన్సేయ్, "ఎవరు నేర్పారు?" అన్నారు. ఎవరూ నేర్పలేదు. ఎదురుగా కూర్చుని చూడటాన్ని మా ఇంట్లో ఎవరూ ఆపలేదు, అంతే.

నాయినకి నచ్చిన కబురు ఒక్కటే. అక్కడ వరి ఊక కాల్చిన బూడిదతో తెల్లటి గ్లేజు (కుండ మీద గాజులా మెరిసే పూత) చేస్తారు, పాలమీగడ రంగులో వస్తుంది. మేం ఆవం కాల్చాక అదే బూడిదని గంపలకెత్తి పారబోస్తాం. "బూడిదకు గూడ పైసలిస్తరా?" అని రెండుసార్లు అడిగాడు.

ఒకసారి ఇక్కడి గురిగి ఒకటి తీసుకెళ్లి స్టూడియోలో వాళ్లకి చూపించాను. నీళ్లు పోసి బల్ల మీద పెడితే కాసేపటికి బల్ల తడిసింది. అది లోపమనుకున్నారు పాపం. వాళ్ల సామాను 1,200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుతుంది, చుక్క బయటికి రాదు. మన ఆవంలో అంత వేడి ఉండదు, కుండ చెమరుస్తుంది. ఆ చెమట ఆరుతుంటేనే ఎండాకాలం రంజన్‌లో నీళ్లు చల్లబడతాయి. చెప్పాక సెన్సేయ్ ఆ గురిగిని తన కిటికీలో పెట్టుకున్నారు.

అలాగని అక్కడ అంతా బంగారమేం కాదు. నా జీతం అద్దెకీ తిండికీ పోగా మిగిలేది కొంచెమే. బ్యాంకు వదిలొచ్చిన ఆవిడ వారంలో కొన్ని రాత్రులు సూపర్‌మార్కెట్‌లో పనిచేస్తుంది. 2011 మార్చి భూకంపంలో ఆ ఊళ్లో చాలా బట్టీలు కూలాయి. గుట్ట వాలున మెట్లుమెట్లుగా కట్టిన కట్టెల బట్టీలు చూడటానికి బాగుంటాయి గానీ, రోజువారీ పని నడిచేది గ్యాస్, కరెంటు బట్టీల మీదే.

1966 నుంచి అక్కడ కుండల సంత జరుగుతోంది, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. వందల టెంట్లు వేస్తారు. శిల్పారామంలోనూ ఇలాంటిది పెడితే సరిపోతుందని నా ఫ్రెండ్స్ అంటారు. నాకు నమ్మకం లేదు. అక్కడ కొన్న గిన్నెలో ఆ రాత్రే అన్నం తింటారు, పగిలితే వచ్చే సంతలో ఇంకోటి కొంటారు. ఇక్కడ కొన్నది టీవీ పక్కన షోకి పెడతారు, అది ఇరవయ్యేళ్లు పగలదు. మాకు నిజమైన గిరాకీ పెళ్లికి ఐరేని కుండలు, దీపావళికి ప్రమిదలు, ఈ నెలలో బోనాలు. అందులోనూ ఇత్తడి బోనం, స్టీల్ బోనం వచ్చి కూర్చున్నాయి.

ఈసారి శరత్తు సంతలో సెన్సేయ్ నాకు సగం బల్ల ఇస్తానన్నారు. గ్లేజు లేని గురుగులు పెడదామనుకుంటున్నా, చెమర్చేవే. నాయినని రేటు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అమ్మ బోనం కుండలు బేరమాడుతూనే వింటోంది. జపాన్‌లో రాసి పెట్టిన రేటే ఇస్తారు, బేరం ఆడరు అన్నాను.

"బేరం ఆడరా?" అంది, చేతిలో కుండ దించకుండానే. "మరి కొన్నోళ్లకి కొన్నట్టెట్ల అనిపిస్తది బిడ్డా?"