శుక్రవారం సెలవు

పాతబస్తీలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాయడం నా పని. వారానికి ఒక్క సెలవు, అది శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా సెలవు శుక్రవారమే. ఇది నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు, ఎందుకంటే తొమ్మిదేళ్లుగా రోజూ నయాపూల్ దాటుతున్నాను. దాటడం వేరు, ఆగడం వేరు. ఒక శుక్రవారం పిల్లలిద్దరికీ తలంటు పోసి, పులిహోర కట్టించుకొని మరీ తీసుకువెళ్లాను. గేటు మూసి ఉంది. ఆ పులిహోరేదో మూసీ పక్కన గోడకు ఆనుకొని తినేశాం. నాలుగేళ్ల మా చిన్నవాడు మాత్రం తృప్తిగా, "నాన్నా, మ్యూజియం అంటే గేటేనా?" అన్నాడు.

రెండోసారి సోమవారం సెలవు పెట్టి వెళ్లాను. జీతంలో ఒక రోజు కోత పడింది కాబట్టి, దానికి సరిపడా చూడాల్సిందే అని పట్టుబట్టాను. లోపల నలభైకి దగ్గరగా గదులున్నాయి. అన్నీ చూపిస్తానని పిల్లలను రెండు చేతులతో పట్టుకొని లాక్కుపోయాను. నూర్జహాన్ పండ్లు కోసుకొన్న పచ్చరాతి చాకు ముందు నిలబెట్టి, పక్కన రాసింది గట్టిగా చదివి వినిపిస్తున్నాను. "మన చాకులాగానే ఉంది కదా" అంది ఏడేళ్ల పెద్దది, వాళ్ల అమ్మ వంకాయలు కోసే చాకును తలుచుకొని. చిన్నవాడు అప్పటికే బాత్రూమ్ అంటున్నాడు. పింగాణీ గదికి వచ్చేసరికి వాడు నేల మీద కూర్చుండిపోయాడు. ఎత్తుకొంటే ఏడుపు, దించితే ఏడుపు. చుట్టూ అన్నీ పగిలే సామాన్లు! ఆ పావుగంట నేను పడ్డ ఆదుర్దా ఏడాది ఆఖరున లెక్కలు తేలనప్పుడు కూడా పడలేదు. ఇంటికి వెళ్లాక ఏం చూశారని వాళ్ల అమ్మ అడిగితే, ఇద్దరూ కలిసి చెప్పిన సమాధానం: "చల్లని నీళ్ల కుళాయి."

మూడోసారికి నాకు బుద్ధి వచ్చింది. గడియారం ఒక్కటే చూస్తాం, తిరిగి వచ్చేస్తాం అని ముందే ఒప్పందం. అదే కుక్ అండ్ కెల్వీ గడియారం, విడిభాగాలు ఇంగ్లండు నుంచి తెచ్చి కలకత్తాలో కూర్చిందట. పదకొండు గంటలకు ఇరవై నిమిషాల ముందే చేరుకొన్నాం. దాని ముందు జనం సినిమా హాల్లోలాగా వరసల్లో కూర్చుని ఎదురుచూస్తారు. ఆ ఇరవై నిమిషాలూ పిల్లలు ఎలా ఊరుకొంటారా అని నేను జేబులో బిస్కెట్లు తడుముకొంటున్నాను. వాళ్లు నన్ను పట్టించుకొంటే కదా!

ఎందుకంటే ఆ గడియారంలో ఒక కమ్మరి ఉన్నాడు. వేలెడంత మనిషి. సెకనుకొక దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. పెద్దలందరం గంట కొట్టే గడ్డపాయన కోసం చూస్తుంటే, మా చిన్నవాడి కళ్లు ఈయన మీద నుంచి కదల్లేదు.

"నాన్నా, ఆయన ఎప్పుడు ఆపుతాడు?"

"ఆపడు నాన్నా. కీ ఇచ్చినంతకాలం కొడుతూనే ఉంటాడు."

"టిఫిన్‌కి?"

"వెళ్లడు."

వాడు కాసేపు ఆలోచించి, "శుక్రవారం?" అన్నాడు.

శుక్రవారం తలుపులు మూసినా గడియారం ఆగదు కదా. ఆ మాట చెప్పడానికి నాకు మనసొప్పలేదు. "శుక్రవారం పడుకొంటాడు" అన్నాను. అబద్ధమే. ఇంతలో పై తలుపు తెరుచుకొని గడ్డపాయన బయటికి వచ్చాడు. హాలంతా గప్‌చుప్. ఒక్కొక్క గంట మోగుతుంటే మా వాడు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. వాడికి పది వరకే వచ్చు, వేళ్లూ పదే. పదకొండోది మోగగానే తెల్లబోయి నా చెయ్యి లాక్కొని నా వేలొకటి మడిచాడు. బయటికి వచ్చేటప్పుడు వాళ్ల అక్కతో, "ఆయనకు లెక్క రాదు, ఒకటి ఎక్కువ కొట్టాడు" అని రహస్యంగా చెప్పాడు. లెక్కల గుమాస్తా కొడుకు అనిపించుకొన్నాడు.

ఒప్పందం ప్రకారం అక్కడి నుంచి ఇంటికే. దారిలో ఉంది కదా అని మేలిముసుగు రెబెక్కా దగ్గర మాత్రం ఆగాం. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. పాలరాతి ముసుగు, లోపల ముఖం కనపడుతూ ఉంటుంది. నేను ఎంత సేపు చూసినా అది రాయి అని కళ్లు ఒప్పుకోవు. పెద్దది చెయ్యి చాచింది. "దూర్ సే, బేటా, దూర్ సే దేఖో" అన్నాడు కాపలా ఆయన. కసురుకోలేదు, రోజుకు ఎన్ని వందలసార్లు అనాలో పాపం, పాటలాగా అన్నాడు. ఆ మాట చిన్నవాడికి తెగ నచ్చింది. ఇంట్లో ఉగ్గిన్నె ముట్టుకోబోయినా ఇప్పుడు అదే పాట.

నాంపల్లి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉందని బళ్లో ఎవరో చెప్పారట, తర్వాత నెల అది. మలక్‌పేటలో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్. పిల్లలకైతే అసలు మ్యూజియం మెట్రోయే, మూసీ దాటుతున్నప్పుడు ఇద్దరి ముక్కులూ అద్దానికి అతుక్కుపోయాయి. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఆ మమ్మీని కొని ఏడో నిజాంకు ఇస్తే, ఆయన మ్యూజియానికి ఇచ్చాడు. ఇదంతా దారిలో చెబుతున్నాను. చిన్నవాడికి ఒకటే అనుమానం: "ఎవరి మమ్మీ?" వాళ్ల అమ్మను అమ్మా అనే పిలుస్తాడు గాని, పక్కింటి పిల్లలు మమ్మీ అంటారు. ఎవరి మమ్మీ కాదురా, ఒక అమ్మాయి, చచ్చిపోయి రెండువేల ఏళ్లు దాటింది అంటే వాడు నమ్మలేదు. గాజుపెట్టె ముందు గుసగుసగా, "పడుకొంది, వెళ్దాం పద" అన్నాడు.

పెద్దదాన్ని కదిలించింది వేరే. 2016లో ఆ మమ్మీకి ఆస్పత్రిలో స్కాన్ తీశారనీ, పాడవకుండా ఆక్సిజన్ తగలని పెట్టెలో ఉంచారనీ చెప్పాను. నిరుడు జారుబండ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకొన్న పిల్ల అది. "నాకు తీసినట్టేనా? కదలకుండా పడుకోమన్నారా?" అంది. మళ్లీ తనే, "ఆమెకు చెప్పక్కర్లేదులే" అని నవ్వింది. ఆ నవ్వులో కొంచెం భయం కూడా ఉంది. చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చాను.

బయట పబ్లిక్ గార్డెన్స్. పాతవాళ్లు బాగ్-ఎ-ఆమ్ అంటారు. అందరి తోట అని అర్థం. అటు తెల్లటి గుమ్మటాల అసెంబ్లీ, 1913 నాటిది. ఇటు జూబ్లీ హాలు. మా పిల్లలకు ఇవేవీ పట్టవు. నిద్రగన్నేరు చెట్ల కింద రాలిన నల్లటి కాయలు పట్టాయి. తోటకు టికెట్టు లేదు, శుక్రవారం తలుపు ముయ్యరు. కాబట్టి అప్పటి నుంచి నా సెలవు రోజు నాంపల్లికి అంకితమైపోయింది. గదుల్లో నేను చూపించినవి వాళ్లు చూశారు. ఇక్కడ వాళ్లు చూపించినవి నేను చూడాలి, తేడా అంతే. ఉడత తోక, చీమల బారు, ఎవరో పారేసిన గాజు ముక్క. గంటసేపు చీమల వెంట నడిచినా ఎవరికీ కాళ్లు నొప్పి పెట్టవు.

మొన్నటి శుక్రవారం నేను పల్లీలు కొనడానికి వెళ్లి వచ్చేసరికి సిమెంటు బల్ల మీద కాయలు, ఈకలు, ఒక సోడా మూత, రెండు రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. చిన్నవాడు పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఏమిటిది అంటే మ్యూజియం అన్నాడు. చూద్దామని వంగాను.

"దూర్ సే, నాన్నా."

రెండడుగులు వెనక్కి వేశాను. అయినా వాడు తలాడించి, రెండు చేతులూ బల్లకు అడ్డం పెట్టాడు.

"ఈరోజు శుక్రవారం. సెలవు."